పదో తారీఖు కాగితం

గుణదల కొండ కింద, మెట్లకి కూతవేటు దూరంలో ఇల్లు పెట్టుకుని, ఇరవై ఏళ్ళుగా కొండెక్కని క్రైస్తవురాలు ఎవరైనా ఉందా అంటే ఉంది. ఆవిడ పేరు తెరేసమ్మ. ఏటా ఫిబ్రవరి తొమ్మిది, పది, పదకొండు తారీఖుల్లో మేరీమాత తిరునాళ్ళు జరుగుతుంటే ఆ వీధిలో ప్రతి ఇంటికీ చుట్టాలు దిగుతారు. చాపలు చాలక పట్టాలు పరుస్తారు. తెరేసమ్మ మాత్రం కిటికీ రెక్కలు మూసుకుని మోకాళ్ళ నొప్పులంటుంది. "మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళే కదండీ ముందు కొండెక్కేది," అని పక్కింటి అమలమ్మ ఏటేటా ఎత్తిపొడుస్తుంది. తెరేసమ్మ ఏటేటా నవ్వి ఊరుకుంటుంది. ఆ నవ్వు వెనక ఏముందో అమలమ్మకి తెలియదు, కన్నకొడుకు యేసుకుమార్‌కీ తెలియదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఆవిడ ఊరుకుంది. ఒకసారి గుళ్ళో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఫాదరుగారికి చెప్పింది, అంతకు ముందు డైరీలో రాసుకుంది. మూడో మనిషి చెవిన పడలేదు.

ఆ డైరీల సంగతి కాస్త చెప్పుకోవాలి. తెరేసమ్మ ముప్పై రెండేళ్ళు ఏఎన్ఎం ఉద్యోగం చేసింది. ఊళ్ళలో ఆ పొడి అక్షరాలు ఎవరికీ పట్టవు, సిస్టరమ్మ అంటారు. గర్భిణీలను చూడటం, పిల్లలకి టీకాలు వెయ్యటం, మాత్రలు పంచటం, పంచిన మాత్రలు మింగారా లేదా అని మళ్ళీ పోయి అడగటం, అడిగితే మింగామని చెప్పే అబద్ధం విని నమ్మినట్టు తలూపటం. మొదట మైలవరం వైపు పల్లెలు, తరవాత ఇబ్రహీంపట్నం వైపు పల్లెలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో వన్ టౌన్‌లో మందుల హోల్‌సేల్ కొట్టు రామకోటేశ్వరరావు గారు ఆవిడ చేతిలో కొత్త సంవత్సరం డైరీ ఒకటి పెట్టారు. రోజుకో పేజీ, ఎర్ర రెక్సిను అట్ట, అట్ట మీద ఒక దగ్గుమందు పేరు. అంత మంచి కాగితం ఖాళీగా ఉంచడానికి మనసొప్పక తెరేసమ్మ రాయడం మొదలెట్టింది. ఆయనున్నన్నాళ్ళు ఆయన, ఆయన పోయాక ఆయన కొడుకు, ఏటా ఒకటి ఇస్తూనే ఉన్నారు. రిటైరయ్యాక కూడా ఆవిడ మానలేదు. ఎక్కడికీ వెళ్ళలేదని రాయడానికైనా ఒక పేజీ కావాలంటుంది. ఇప్పుడు బీరువా కింది అరలో ముప్పై తొమ్మిది ఉన్నాయి.

రాసేది తిరుగు బస్సులో. కిటికీ పక్క సీటు దొరికితే చాలు, సంచీ ఒళ్ళో పెట్టుకుని దాని మీద డైరీ పెట్టుకునేది. అందుకే ఆవిడ అక్షరాల్లో మైలవరం రోడ్డు గతుకులన్నీ ఉన్నాయి. ఎక్కడైనా గీత పేజీ చివరిదాకా జారిపోయిందంటే అక్కడ డ్రైవరు బ్రేకు కొట్టాడన్నమాట. ఒక పేజీలో ఇలా ఉంటుంది: "మూడిళ్ళలో మూడు టీలు. నాలుగో ఇంట్లో వద్దంటే అలిగారు. తాగాను. కడుపులో టీ తప్ప ఏమీ లేదు." ఇంకో పేజీలో: "గేదె తరిమింది. చెప్పు తెగింది. టీకాల డబ్బా మాత్రం వదల్లేదు." ఇంకోచోట: "మూడు ఊళ్ళు, ఎనిమిది మైళ్ళు నడక. ఒకామె పిల్లాడికి టీకా వెయ్యనివ్వక తలుపేసుకుంది. తలుపు దగ్గరే కూచున్నా. గంటకి విసుగొచ్చి తనే తీసింది." రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసే భర్త అంతోని పోయిన రోజు పేజీలో ఒకే ఒక్క మాట ఉంది, అంతోని అని. మిగతా పేజీ తెల్లగా ఉంది.

ఇది కాక ఇంకో డైరీ ఉండేది, ఉద్యోగం డైరీ. ఏ రోజు ఏ ఊరు వెళ్ళారు, ఎవరిని చూశారు, ఎవరి బీపీ ఎంత, అన్నీ అందులో రాసి సోమవారం మీటింగులో డాక్టరు గారి చేత సంతకం పెట్టించుకోవాలి. రూలు ప్రకారం వెళ్ళొచ్చాక రాయాలి. అయితే ఏ రోజు ఏ ఊరన్నది నెల ముందే నిర్ణయమైపోయేది కాబట్టి, సిస్టర్లంతా సోమవారం పొద్దున బల్ల చుట్టూ చేరి రాబోయే వారమంతా ముందుగానే రాసేసుకునేవాళ్ళు. పోబోయే ఊరికి పోయొచ్చినట్టు, చూడబోయే మనిషిని చూసినట్టు, ఇంకా చూడని బీపీ 120/80 ఉన్నట్టు. ఇందులో తప్పుందని ఎవరికీ తోచేది కాదు. ఎలాగూ వెళ్తాం, ఎలాగూ చూస్తాం, ముందు రాస్తేనేం, వెనక రాస్తేనేం అనుకునేవాళ్ళు. నూటికి తొంభైతొమ్మిది సార్లు నిజంగానే వెళ్ళేవాళ్ళు కూడా. ఆ మిగిలిన ఒక్కసారి తెరేసమ్మ నెత్తిన పడింది.

మొన్న జనవరి ఆఖర్లో ఒక సాయంత్రం గేటు చప్పుడైంది. ఇరవై ఏళ్ళ పిల్ల, గర్భిణీ, ఆయాసపడుతూ నిలబడి ఉంది. తెరేసమ్మ అలవాటు కొద్దీ ముఖం కంటే ముందు కాళ్ళు చూసింది. వాపు లేదు. ఏడో నెల దాటి ఉంటుందనుకుంది. తరవాత ముఖం చూసింది. ఎక్కడో చూసినట్టనిపించింది కానీ ఎక్కడో తెలియలేదు.

"సిస్టరమ్మ గారంటే మీరేనాండీ?"

"నేనేనమ్మా. రా, కూర్చో. ఏ ఊరు మీది?"

"నీలిరేవండీ. ఇప్పుడు వన్ టౌన్‌లో ఉంటున్నామండీ, మా ఆయన లక్ష్మీకాంత్ అక్కడ గోడౌన్లో చేస్తారు. నేను సంపూర్ణమ్మ మనవరాల్నండీ. కనకలక్ష్మి కూతుర్ని. నా పేరు భానుశ్రీ."

తెరేసమ్మ కుర్చీ పిల్ల వైపు జరపబోయి, ఆ కుర్చీనే పట్టుకుని నిలబడిపోయింది. ఆ పేరు టీకాల కార్డు మీద మొదటిసారి రాసింది తనే.

భానుశ్రీ వచ్చిన పని చెప్పింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగిందట, మీ అమ్మకి కాన్పులో ఏమైనా ఇబ్బంది వచ్చిందా అని. నన్ను కనే చనిపోయిందండీ అని చెప్పిందట. ఎందుకు చనిపోయింది, బీపీ ఉందా, రక్తం పోయిందా అని అడిగితే పిల్ల దగ్గర సమాధానం లేదు. తండ్రి ఏనాడో ఇంకో పెళ్ళి చేసుకుని మైలవరం వెళ్ళిపోయాడు, అడిగితే నాకేం తెలుసు, ఆడవాళ్ళ సంగతులు అన్నాడు. పెంచిన నాయనమ్మ సంపూర్ణమ్మ పోయి మూడేళ్ళు. పెళ్ళిఫొటో ఒకటి ఉండేది, అది రెండువేల తొమ్మిదిలో వచ్చిన కృష్ణ వరదలో పోయింది. అమ్మ ఎలా ఉండేదో కూడా ఎవరూ సరిగా చెప్పరు, మంచిపిల్ల అంటారు, అంతే. చచ్చిపోయినవాళ్ళంతా మంచివాళ్ళే కదా. చివరికి ఊళ్ళో ఒక ముసలమ్మ అన్నదట, సిస్టరమ్మ బస్సులో కూచుని అన్నీ రాసుకునేది, ఆమెని అడుగు అని.

"మీరేమైనా రాశారాండీ, మా అమ్మ గురించి?"

"రాశాను," అంది తెరేసమ్మ. లేదని చెప్పడానికి నోరు రాలేదు.

ముందు బీపీ మిషను తీసి పిల్ల బీపీ చూసింది. 118/76. "మీ అమ్మకి ఆఖరి నెలల్లో బీపీ పెరిగిందమ్మా. పెరిగి ఫిట్స్ వచ్చాయి. ఊళ్ళలో గుర్రపువాతం అంటారు. ఈ మాట రేపే డాక్టరమ్మకి చెప్పు. తల నొప్పి వచ్చినా, కళ్ళు మసకలు కమ్మినా ఒక్క గంట కూడా ఆగకు," అంది. పిల్ల ఫోనులో అన్నీ రాసుకుంది.

"ఆ డైరీ ఒకసారి చదువుకోనిస్తారాండీ? జాగ్రత్తగా తెచ్చిస్తాను."

"వెతికి పెడతానమ్మా. ఆదివారం రా."

వెతకాల్సిన అవసరం ఏముంది! 2004 డైరీ ఏ వరసలో ఎన్నోదో ఆవిడకి చీకట్లో కూడా తెలుసు.

పిల్ల వెళ్ళాక తలుపు గడియ వేసి రెండు డైరీలు తీసింది, 2003ది, 2004ది. చదువుతుంటే కనకలక్ష్మి నీలిరేవు గట్టు మీద నడిచి వచ్చినట్టే వచ్చింది.

"19-8-2003, మంగళవారం. నీలిరేవు. సంపూర్ణమ్మ కోడలు కనకలక్ష్మి, పంతొమ్మిదేళ్ళు, మూడో నెల. అన్నం సయించట్లేదంది. చింతపిందెలు మాత్రం సయిస్తున్నాయి, కొంగులో మూటగట్టి దాచుకుంది."

"16-9-2003. కోడలు ఐరన్ మాత్రలు మింగకుండా కోడికి వేస్తోందని అత్తగారి ఫిర్యాదు. ఏమ్మా అంటే, కోడి ఎంత బలంగా ఉందో చూడు సిస్టరమ్మా అంది. కోప్పడదామనుకుని నవ్వాను."

"25-11-2003. కనకలక్ష్మి రోడ్డు దాకా వచ్చి నా సంచీ మోసింది. మొయ్యకూడదంటే వినదు. ఆడపిల్ల పుడితే భానుశ్రీ అని పెడుతుందట. ఇంత చిన్నింట్లో అంత పెద్ద పేరా అన్నాను. ఇల్లు పెద్దది కట్టుకుంటాంగా అంది."

తరవాత 2004 డైరీలో ఫిబ్రవరి మూడు. "కాళ్ళకి వాపు. బీపీ 140/90. ఉప్పు మానెయ్యమన్నాను. మళ్ళీ మంగళవారం వచ్చి చూస్తాను, తగ్గకపోతే నేనే పెద్దాసుపత్రికి తీసుకుపోతాను, నేను వచ్చేదాకా ఇల్లు కదలకు అని చెప్పాను. సరే సిస్టరమ్మా అంది."

ఆ మళ్ళీ మంగళవారమే ఫిబ్రవరి పది.

అంతకు ముందు డిసెంబరులో యేసుకుమార్‌కి పచ్చకామెర్లు వచ్చి చచ్చి బతికాడు. ఏడేళ్ళవాడు, మొగుడు లేని ఆడదానికి ఉన్న ఒక్క నలుసు. పిల్లాడు లేచి తిరిగితే తిరునాళ్ళలో కొండ మీద వాడి తలనీలాలు ఇస్తానని మొక్కుకుంది. తొమ్మిదో తారీఖు సోమవారం మీటింగు. పదకొండు బుధవారం, టీకాల రోజు, ఆకాశం విరిగి పడ్డా మానకూడదు. మిగిలింది పది. ఆ రోజు నీలిరేవు. తిరునాళ్ళకి సెలవు అడిగేవాళ్ళు అరడజను మంది, అడిగి లేదనిపించుకోవడం ఎందుకనుకుంది. టీకాలకి బుధవారం ఎలాగూ నీలిరేవే పోవాలి, కనకలక్ష్మిని అప్పుడే చూడొచ్చు, ఒక్క రోజేగా అనుకుంది. సోమవారం బల్ల దగ్గర కూచుని అందరితోపాటు ఉద్యోగం డైరీలో రాసింది: పదో తారీఖు, నీలిరేవు, నలుగురు గర్భిణీలను చూడటమైనది, కనకలక్ష్మి బీపీ 120/80. మంగళవారం కొడుకు చెయ్యి పట్టుకుని కొండెక్కింది. బుధవారం టీకాల డబ్బాతో నీలిరేవు వెళ్ళేసరికి అంతా అయిపోయింది. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా?

తరవాత విచారణకి వచ్చిన పెద్ద డాక్టరు ఉద్యోగం డైరీ చూశాడు. ముందు రోజే సిస్టరు చూసింది, బీపీ మామూలుగా ఉంది, ఇక ఎవరేం చేస్తారు అని రాసుకుపోయాడు. నీలిరేవుకి వెళ్ళి ఎవరినీ అడగలేదు. సంపూర్ణమ్మ కూడా గొడవ చెయ్యలేదు. "నువ్వు వచ్చినా తలరాత మార్చేదానివా సిస్టరమ్మా," అని తెరేసమ్మ చేతిలోనే బిడ్డని పెట్టింది. తిడితే బావుండేదని తెరేసమ్మ ఇప్పటికీ అనుకుంటుంది. ఫాదరుగారు మూడు జపమాలలు చెప్పుకోమన్నాడు, దేవుడు క్షమించాడన్నాడు. మూడు కాదు మూడు వేలు చెప్పుకుంది. దేవుడు క్షమించే ఉంటాడు, ఆయనకి పోయిందేముంది. ఆవిడ మాత్రం ఆ తరవాత కొండెక్కలేకపోయింది. ఆ మెట్ల మీద కాలు పెడితే నీలిరేవు గట్టు గుర్తొచ్చేది. మళ్ళీ ఏనాడూ ఉద్యోగం డైరీ ముందుగా రాయలేదు కూడా. తోటి సిస్టర్లు ఇదేం చాదస్తమని వేళాకోళం చేశారు.

ఆదివారం దగ్గర పడుతున్నకొద్దీ తెరేసమ్మ లోపల లెక్కలు వేసుకుంది. పిల్లకి కావలసింది రెండే సంగతులు. అమ్మ ఎలా ఉండేది, అమ్మకి ఏ జబ్బు వచ్చింది. మొదటిది డైరీలో బోలెడుంది. రెండోది మూడో తారీఖు పేజీలోనే ఉంది, నోటితో కూడా చెప్పింది. ఇక పదో తారీఖు పేజీ లేకపోతే ఆ పిల్లకి వచ్చే నష్టమేముంది? కడుపుతో ఉన్న పిల్ల, ఇప్పుడు ఆ సంగతి తెలిసి గుండె దడ పెట్టుకుంటే దానికి మంచిదా? ఇలా ఎన్నైనా చెప్పుకోవచ్చు. తన తప్పుకి తానే ప్లీడరైతే వాదనలకి కొదవుండదు. లోపల మాత్రం ఆవిడకి తెలుసు, ఇదంతా పిల్ల కోసం కాదు. భానుశ్రీ తనను సిస్టరమ్మ గారూ అని పిలిచింది, ఆ పిలుపు పోగొట్టుకోవడం ఇష్టం లేదు. ముసలితనంలో ఆ మాత్రం మర్యాద కూడా దక్కదేమోనని భయం వేసింది.

శనివారం మధ్యాహ్నం స్కేలు ఆనించి ఆ కాగితం చింపింది. కాగితానికి ఒకవైపు పది ఉంటే వెనకవైపు పదకొండు ఉంటుంది, రెండూ పోయాయి. స్టవ్ వెలిగించింది గానీ కాల్చలేకపోయింది. మడిచి జపమాల పెట్టెలో పెట్టింది. ఆదివారం భానుశ్రీ వచ్చి రెండు డైరీలూ కళ్ళకద్దుకుని తీసుకుపోయింది.

తిరునాళ్ళు మొదలయ్యాయి. ఈసారి పదో తారీఖు సోమవారం వచ్చింది. వీధంతా జనం, గుండు కొట్టించుకున్న తలలు, కొబ్బరికాయలు, కొవ్వొత్తులు. మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు చదువుతున్నారు. అమలమ్మ ఇంట్లో పదిహేను మందికి వంట. తెరేసమ్మ కిటికీలు మూసుకుని కూచుంది. పదకొండు గంటలప్పుడు గేటు చప్పుడైంది.

ఆ జనంలోంచి భానుశ్రీ నడిచి వచ్చింది. చెమటతో జాకెట్టు తడిసిపోయింది. చేతుల్లో రెండు డైరీలూ గుడ్డసంచీలో చుట్టి పట్టుకుంది. తెరేసమ్మ మంచినీళ్ళిస్తే గడగడా తాగింది.

"ఈ జనంలో ఎందుకొచ్చావమ్మా, ఫోను చేస్తే సరిపోయేది కదా."

"రావాలనిపించిందండీ. కోడికి మాత్రలు వేసిందట కదా," అని నవ్వింది పిల్ల, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "మా ఆయనకి పదిసార్లు చదివి వినిపించానండీ. మా అమ్మ ఇంత అల్లరిదని ఎవరూ చెప్పలేదు. నా పేరు మా బడి టీచరు పెట్టారనుకునేదాన్ని. అమ్మే పెట్టిందటగా."

"అవునమ్మా. నువ్వు పుట్టాక మీ నాయనమ్మకి నేనే చెప్పాను, మీ కోడలు ఈ పేరు అనుకుందని."

భానుశ్రీ డైరీ తెరిచింది. మూడో తారీఖు దగ్గర రిబ్బను పెట్టి ఉంది. ఒక్కొక్క పేజీ తిప్పింది. నాలుగు, ఐదు, ఆరు, తొమ్మిది దాకా. తరవాతది పన్నెండు. మధ్యలో కుట్టు దగ్గర సన్నటి కాగితం అంచు.

"ఇక్కడ ఒక కాగితం లేదండీ," అంది నెమ్మదిగా. "మళ్ళీ మంగళవారం వస్తాను అని రాశారు. ఆ మంగళవారం లేదు. నేను పుట్టిన రోజూ లేదు. డైరీ పాతదిగా, ఎక్కడైనా ఊడి పడిందేమో ఒకసారి చూస్తారాండీ? జబ్బు సంగతి తెలిసిపోయిందిలెండి, దాని కోసం కాదు. పదో తారీఖంటే మా అమ్మ బతికున్న ఆఖరి రోజు. ఆ రోజు ఏం తిందో, మీతో ఏం మాట్లాడిందో. నాకు ఆ ఒక్కటీ కావాలండీ."

ఇరవై ఒక్కేళ్ళుగా తెరేసమ్మ అది తన తప్పు రాసి ఉన్న కాగితమనే అనుకుంటూ వచ్చింది. దాన్ని ఇంకొకరు ఇలా అడుగుతారని ఏనాడూ ఊహకి రాలేదు. లేచి, జపమాల పెట్టె తెచ్చి, మడత విప్పి పిల్ల చేతిలో పెట్టింది.

"ఊడి పడలేదమ్మా. నేనే చింపాను."

భానుశ్రీకి అర్థం కాలేదు. కాగితం చూసి, "ఇందులో అక్షరాలు సరిగా లేవండీ. మీరే చదవండి," అంది.

తెరేసమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. చదవనక్కర్లేదు, కంఠతా వచ్చు. అయినా కాగితం చూస్తూనే చదివింది.

"10-2-2004, మంగళవారం. పొద్దున్నే యేసుకుమార్‌తో కొండెక్కాను. తలనీలాలకి రెండు గంటలు లైను. ఏడవకుండా ఇచ్చాడు. కొబ్బరికాయ కొట్టాం. వాడికి ఈల కొన్నాను, ఇల్లు చేరేదాకా ఊదుతూనే ఉన్నాడు. మనసు తేలికగా ఉంది. నీలిరేవు వెళ్ళలేదు. రేపు టీకాలకి ఎలాగూ పోతాను."

ఆగింది. భానుశ్రీ ఇంకా ఉందేమోనని చూస్తోంది.

"మరి మా అమ్మ?"

"అంతేనమ్మా. ఈ పేజీలో మీ అమ్మ లేదు. నేను వెళ్ళలేదు. వస్తానని చెప్పి, ఇల్లు కదలొద్దని చెప్పి, వెళ్ళలేదు. వెళ్ళినట్టు, బీపీ బాగానే ఉన్నట్టు ఆఫీసు డైరీలో ముందు రోజే రాసి పెట్టాను. అది చూసే విచారణ మూసేశారు. ఎవరికీ చెప్పలేదు."

మైకులో ఎవరో ప్రార్థన చదువుతున్నారు. కాగితం వెనక్కి తిప్పింది తెరేసమ్మ. ఆగితే మళ్ళీ చదవలేనని భయం వేసి ఆగకుండా చదివింది.

"11-2-2004, బుధవారం. పదింటికి నీలిరేవు చేరాను. గట్టు మీదే ఏడుపు వినపడింది. వేకువన ఫిట్స్ వచ్చాయట. ట్రాక్టరు తెచ్చేలోపు మంత్రసాని కాన్పు చేసింది. బిడ్డ బయటపడిన గంటకి కనకలక్ష్మి పోయింది. సంపూర్ణమ్మ చెప్పింది: నిన్న పొద్దున్నించీ తల పగిలిపోతోందందట. ఆస్పత్రికి పోదాం పదమంటే, సిస్టరమ్మ వచ్చిద్దిగా, కదలొద్దంది, ఆమె వచ్చాక పోదాం అందట. నా కోసం చింతకాయ పచ్చడి నూరి పెట్టిందట. పొద్దుగూకేదాకా గడపలోనే కూచుందట, గట్టు వైపు చూస్తూ. బిడ్డ రెండు కేజీల వంద గ్రాములు. ఆడపిల్ల. ఏడుపు గట్టిగా ఉంది. కుడి చెవి వెనక పుట్టుమచ్చ. ఎత్తుకుంటే నా కొంగు పట్టుకుని వదల్లేదు."

భానుశ్రీ చెయ్యి తనకు తెలియకుండానే కుడి చెవి వెనక్కి వెళ్ళింది. అక్కడే ఉంచుకుని కూచుంది. ఏడుస్తుందనుకుంది తెరేసమ్మ, ఏడవలేదు. తిడుతుందనుకుంది, తిట్టలేదు.

"పచ్చడి నూరిందాండీ," అంది.

"నూరిందమ్మా."

"తల నొప్పితోనే."

తెరేసమ్మ తల దించుకుంది. క్షమించమని అడుగుదామనుకుని మానుకుంది. ఆ మాట అడిగి ఈ పిల్ల నెత్తిన ఇంకో బరువు పెట్టడం దేనికనుకుంది.

భానుశ్రీ కాగితం అందుకుని, మడత మీద మడత పెట్టి జాకెట్టులో దోపుకుంది. డైరీలు బల్ల మీద పెట్టింది. లేవబోతే ముఖం వాడి ఉంది, ఎండలో నడిచి వచ్చిన మనిషి. తెరేసమ్మ చేతులు ఊరుకోలేకపోయాయి. బీపీ మిషను తెచ్చి, "ఒక్క నిమిషం కూర్చోమ్మా, చూస్తాను," అంది.

భానుశ్రీ చెయ్యి చాపబోయి, ఆపుకుని, పైట కప్పుకుంది.

"వద్దండీ. ఇక్కణ్ణించి ఆస్పత్రికే పోతాను. పొద్దున్నించీ తల కొంచెం నొప్పిగా ఉంది."

తెరేసమ్మ మిషను బల్ల మీద పడేసింది. "ఆటో పిలుస్తానుండు. నేను కూడా వస్తాను, చీర మార్చుకుని ఒక్క రెండు నిమిషాల్లో..."

"నేనెవరి కోసమూ ఆగనండీ," అంది భానుశ్రీ. గొంతులో కోపం లేదు. చెప్పులేసుకుని, గేటు తీసుకుని, జనంలోకి నడిచింది. తెరేసమ్మ పాతచీరతోనే, చెప్పులు కూడా లేకుండా గేటు దాకా పరిగెత్తింది. అప్పటికే రోడ్డు మలుపులో పిల్ల చెయ్యెత్తి ఆటో ఆపింది, ఎక్కింది, వెళ్ళిపోయింది.

సాయంత్రం లక్ష్మీకాంత్ ఫోను చేశాడు. బీపీ కొంచెం ఎక్కువుందట, 138/88, డాక్టరమ్మ అడ్మిట్ చేసుకుందట, సరైన టైముకి వచ్చావందట, భానుశ్రీ మీకు చెప్పమంది అన్నాడు. ఇంకేమైనా చెప్పిందా బాబూ అని తెరేసమ్మ అడిగింది. లేదండీ, అంతే చెప్పమంది అన్నాడు.

ఆవిడ కొత్త డైరీ తీసింది. అక్షరాలకి అడ్డం రావడానికి బస్సు కుదుపులు కూడా లేవు.

"10-2-2025, సోమవారం. ఎక్కడికీ వెళ్ళలేదు. కనకలక్ష్మి కూతురు భానుశ్రీ వచ్చింది. ఎనిమిదో నెల. బీపీ చూస్తానంటే చూడనివ్వలేదు. నా కోసం ఆగలేదు. మంచి పని చేసింది."